బిల్లుల కట్ట, 25 నిమిషాలు

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద నాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. నెలనెలా 11లోగా జీఎస్‌టీఆర్-1, 20లోగా 3బీ అనే జీఎస్‌టీ రిటర్న్‌లు వేయాలి. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల దాకా లేట్ ఫీజు. అయినా బిల్లుల కట్ట చూడగానే ఎవరికైనా రేపు చూద్దామనే అనిపిస్తుంది. అందుకే గూగుల్ టాస్క్స్‌లో ‘రిటర్న్ వేయాలి’ అని రాయను. ‘సిమెంటు షాపు కొనుగోలు బిల్లులు, 25 నిమిషాలు’ అని రాస్తాను. టైమర్ మోగగానే లేచి అయిదు నిమిషాలు చాయ్. ఈ పొమొడోరో పద్ధతిని 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాంచెస్కో సిరిల్లో చదువుకునే రోజుల్లో టమాటా ఆకారపు వంటింటి టైమర్‌తో మొదలుపెట్టాడు. రోజుకో కొత్త యాప్ వెతకడం మాత్రం, నన్నడిగితే, వాయిదాకు ఇంకో వేషం. షాపాయన ‘బిల్లులు రేపు పంపిస్తా సార్’ అంటే ఏ యాప్ ఏం చేస్తుంది? ఆయన పేరు 5వ తేదీకే జాబితాలో ఎక్కించి ఫోన్ కొడతాను.