తుపాను వేళ ఫోను మూగబోకుండుటకు

వ్యవసాయాధికారి, బి.యస్సి. (ఏజి.)

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినది. విద్యుత్ స్తంభములు కూలి కరెంటు పోగా, దానివెంట సెల్‌ఫోనులును మూగబోయినవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానము పల్లెలకును ఇదే ఇక్కట్టు కలిగినది.

ఇది రైతునకు చిన్న చిక్కు కాదు. కోసి పనలమీద నున్న వరి తుపానుకు తడిసినచో, ఫసల్ బీమా పథకము క్రింద ఆ నష్టమును 72 గంటలలో తెలుపవలెను. ఆ మూడు దినములే ఫోను పలుకనిచో రైతు గతి యేమి? కావున ముందుగానే మేలుకొనవలెను.

టవరు ఎందుకు ఆగును?

కరెంటు పోయినను టవరును బ్యాటరీలు కొన్ని గంటలపాటు నడుపును. ఆపై డీజిలు జనరేటరే దిక్కు. చెట్లు కూలి దారి మూసికొనిపోయిన, డీజిలు చేరక టవరు ఆగును. అందుచే గాలి తగ్గిన వెంటనే టవరు దారిలోని చెట్లను తొలగింపించుట గ్రామాధికారుల మొదటి పని. టవరు ఆగిన వార్తను మండల కార్యాలయమునకు మనిషిచేత పంపవలెను. జనరేటరును మాత్రము సిబ్బందియే ముట్టవలెను.

ఫోను ప్రాణము నిలుపుట

తుపాను హెచ్చరిక వినగానే ఫోనులను, పవర్ బ్యాంకులను నిండుగా చార్జి చేసికొనుడు. తీరము దాటువరకు హెచ్చరికలు అందుటకై ఫోనును తెరచియే యుంచుడు. సిగ్నలు బలహీనమైనచో ఫోను ఎక్కువ శక్తితో టవరును వెదకును. చార్జి త్వరగా తరుగును. కావున గాలి తగ్గిన పిదప ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో నుంచి, ఉదయము, మధ్యాహ్నము, సాయంత్రము నియమిత వేళల తెరచి చూడుడు. మాట కలియనిచోట ఎస్సెమ్మెస్ పోవచ్చును. ఆపదలో 112 నంబరునకు, మీ కంపెనీ సిగ్నలు లేకున్నను, వేరొక కంపెనీ సిగ్నలు ఉన్నచో పిలుపు పోవును.

ట్రాక్టరు బ్యాటరీ

12 వోల్టుల, 75 ఆంపియర్-గంటల బ్యాటరీలో సుమారు 900 వాట్-గంటల శక్తి యుండును. అందు మూడవ వంతు మాత్రమే వాడినను, వృథా పోగా, 5,000 మిల్లీ ఆంపియర్-గంటల ఫోనులు 10 వరకు చార్జి యగును. అంతకు మించి వాడినచో ఇంజను స్టార్టు కాకపోవచ్చును. వాడిన పిదప ఇంజనును నడిపి బ్యాటరీని నింపవలెను. ఫోనును బ్యాటరీకి సూటిగా తగిలింపరాదు; 12 వోల్టుల కారు చార్జరు ద్వారానే తగిలింపవలెను.

జాగ్రత్తలు

1. జనరేటరును గదిలో నడుపరాదు. దాని పొగలోని విషవాయువు ప్రాణము తీయును.

2. జనరేటరు తీగను ఇంటి వైరింగునకు కలుపరాదు. ఆ కరెంటు లైనులోనికి ఎక్కి, పనిచేయు లైనుమనిషిని బలిగొనును.

3. చార్జి యగు బ్యాటరీ వద్ద బీడీ కాల్చరాదు.

ఒక్కొక్క వీధికి ఒక ట్రాక్టరు, ఒక కారు చార్జరు సిద్ధముగా నుంచినచో చాలును. ఈ యేర్పాటు తుపాను ఋతువునకు ముందే గ్రామసభలో నిశ్చయించుకొనుడు. పంట తడిసినను, ఆ మాట సకాలమున చేరవలసినచోటికి చేరును.