కంటిపాపకు వెండి రేకు

ఏలూరు సమీపంలోని సోమవరప్పాడు చలనచిత్ర దర్శకులు ఎల్.వి. ప్రసాద్ గారి జన్మస్థలం. ‘షావుకారు’, ‘మిస్సమ్మ’ చిత్రాల కీర్తి సరే. నేడు ఆయన పేరు పేదల నోట నిలిచినది హైదరాబాదులో 1987లో ఆయన విరాళంతో వెలసిన నేత్ర వైద్య సంస్థ మూలంగానే. పసిపిల్లల కంటిలో పుట్టే రెటినోబ్లాస్టోమా అనే కాన్సరుకు అక్కడ జరిగే చికిత్సలలో ఒకదానిని గురించి వివరింపదలచాము.

తెలుగులో కంటిపాప అంటాము. ఉర్దూలో ఆంఖ్ కీ పుత్లీ, అనగా కంటిబొమ్మ అంటాము. ఆ నల్లని పాప వెలుగు పడినప్పుడు తెల్లగా మెరవడమే ఈ వ్యాధికి ముఖ్యమైన తొలి గుర్తు. 15,000 నుండి 20,000 జననాలలో ఒకరికి, సాధారణంగా అయిదేళ్ళలోపు వస్తుంది.

గడ్డ పుట్టేది కంటి లోపలి పొర మీద. వెలుపలి యంత్రం నుండి కిరణాలు ప్రసరింపజేస్తే దారిలోని ఎముక, కండ కూడ వాటిపాలవుతాయి. వంశపారంపర్యమైన లోపం గల బిడ్డలకు తరువాతి కాలంలో అక్కడే మరొక కాన్సరు రాగల ప్రమాదం హెచ్చుతుంది. కనుక కిరణమూలాన్నే గడ్డ చెంతకు చేర్చారు. ఇదే బ్రాకీథెరపీ. లండను వైద్యుడు స్టాలర్డ్ గత శతాబ్ది మధ్యకాలంలో ఇందుకు కోబాల్టును వాడాడు. రుథీనియం-106 ఆ తరువాతిది.

కనుగుడ్డు వంపునకు సరిపోయే వెండి రేకు. మందం ఒక మిల్లీమీటరు. దానిలో రుథీనియం పూత ఇమిడి ఉంటుంది. బిడ్డకు మత్తు ఇచ్చి, గడ్డ ఉన్నచోటికి సరిగా వెలుపల, తెల్లగుడ్డుపై దానిని కుడతారు. లెక్కగట్టిన గడువు తీరగానే తీసివేస్తారు. దాని కిరణాలు కొద్ది మిల్లీమీటర్లలోనే బలం ఉడిగిపోతాయి. ఆవలి భాగాలకు అదే రక్ష. పరిమితి కూడ అదే. 6 మిల్లీమీటర్లు మించి ఎదిగిన గడ్డ కొసకు ఆ బలం చాలదు. ఒకప్పుడు విదేశాల నుండి తెప్పించవలసిన ఈ రేకును భాభా అణు పరిశోధన కేంద్రంవారు, వాడివేసిన అణు ఇంధన వ్యర్థం నుండి రుథీనియాన్ని వేరుచేసి, ఇక్కడనే రూపొందించారు. పారవేయదగిన దాని నుండి చూపు దక్కడం మాకు మిక్కిలి అబ్బురమనిపించింది.

అయితే గడ్డ చిన్నదై ఉండాలి. ఆలస్యమైతే కన్ను తీసివేయక తప్పదు. ఒక్కొక్కప్పుడు ప్రాణమే దక్కదు. కొల్లేటి లంకలలోను, తాడేపల్లిగూడెం పరిసరాలలోను పిల్లికన్నని ముచ్చటపడడం, మెల్లకన్ను అదృష్టమని ఊరకుండడం మేము ఎరుగుదుము. ఆ మెల్ల కూడ ఈ వ్యాధి లక్షణం కావచ్చు. తెల్లని మెరుపు శుక్లమూ కావచ్చు. నిర్ణయించవలసినది మాత్రం కంటి వైద్యుడే. ఆ సంస్థకు విజయవాడ చెంత తాడిగడపలో శాఖ ఉన్నది. ఏలూరు మీదుగా రైలులో పూటలో చేరవచ్చు. ఒక బిడ్డకు వ్యాధి తేలితే తోబుట్టువుల కన్నులను కూడ పరీక్ష చేయించాలి.