చెఱువునీటి దురద: గుఱుతులును, చికిత్సయు

నాట్లకాలమున మడిలో దిగినవారికిని, చెఱువులో ఈదు పిల్లలకును, పశువులను కడుగువారికిని కాళ్లపై ఎఱ్ఱని పొక్కులు లేచి సహింపరాని దురద కలుగుట రైతులెఱిగినదే. కొందఱు దీనిని గజ్జియని తలచి కిరసనాయిలు, సున్నము పూయుదురు. దానివలన చర్మము పొక్కి పుండగునేగాని గుణము కలుగదు.

కారణము: పశువుల రక్తనాళములలో షిస్టొసోమా యను పురుగులు నివసించును. వాని గ్రుడ్లు పేడతోగాని, ముక్కు చీమిడితోగాని నీటిలో బడి పగులును. వెలువడిన పిల్లలు బిళ్లవలె చదునుగా చుట్టుకొనియుండు నత్తలలో ప్రవేశించి, కొన్ని వారములు పెరిగి, కంటికి కానరానంత చిన్నవైన చీలుతోక పురుగులై మరల నీటిలోనికి వచ్చును. ఇవి వెదకునది పశువు శరీరమును. మనుష్యుడు అడ్డుపడినచో అతని చర్మములో దూరి, అచటనే చచ్చును. ఆ పురుగును శరీరము ఎదుర్కొనుటచేతనే దురద పుట్టును. నీటిపక్షులలోని ఇట్టి పురుగులును ఈ బాధనే కలిగించును. అమెరికాలో మిషిగన్ రాష్ట్రమందలి డగ్లస్ సరస్సున ఈ సంగతిని 1928లో కోర్టు అను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను.

గుఱుతులు: నీటినుండి వెడలిన కొలదికాలమునకే చర్మము చుఱుక్కుమనును. కొన్ని గంటలలో ఎఱ్ఱని చిన్న పొక్కులు లేచును. కొన్నింట నీరు చేరును. నీటిలో మునిగిన భాగముననే ఇవి యుండును. గజ్జియైనచో వ్రేళ్లసందులలో పుట్టి, రాత్రులందు హెచ్చి, ఇంటివారికెల్ల అంటుకొనును. చెఱువు దురద ఒకరినుండి యొకరికి అంటదు. అయితే పలుమాఱులు అట్టి నీటిలో దిగినవారికి మునుపటికంటె తీవ్రముగ వచ్చును.

చికిత్స: సాధారణముగా వారము పదిదినములలో తనంతట తగ్గును. ముఖ్యముగా గోకరాదు, గోళ్లు కత్తిరించుకొనవలెను. చల్లని తడిగుడ్డ వేయుటయు, వంటసోడాను కొంచెము నీటితో ముద్దచేసి పూయుటయు, కాలమైన్ ద్రావకము రాయుటయు ఉపశమనము నిచ్చును. నిద్రపట్టనంత దురద యున్నను, చీము పట్టినను, జ్వరము వచ్చినను, వారమునకును తగ్గుముఖము పట్టకున్నను వైద్యునికి చూపవలెను.

నివారణ: నాచు, నత్తలు హెచ్చుగానున్న ఒడ్డునీటిలో పిల్లలను ఈదనీయరాదు. నీటినుండి వచ్చినతోడనే, ఒడలు ఆఱకమునుపే, పొడిగుడ్డతో గట్టిగా తుడుచుకొనవలెను. మడిలో దిగువారికి మోకాళ్లవఱకు రబ్బరు జోళ్లు దొరకినచో మేలు. నత్తలను చంపుటకై మైలుతుత్తము తమంతట తాము చెఱువులో వేయరాదు, చేపలు చచ్చును.

పశువుల విషయము: ఈ జాతిపురుగులలో నొకటి పశువుల ముక్కులో చేరి కాయలు గట్టించును. దీనిని 1933లో రావుగారను శాస్త్రజ్ఞుడు వర్ణించి పేరిడెను. అట్టి పశువు ముక్కునుండి చీమిడి కార్చుచు, గుఱక పెట్టుచు, ఊపిరియాడక దుక్కికి అలసిపోవును. దానిని చెఱువులో దింపక, తొట్టిలో నీరు పెట్టి, పశువైద్యునికి చూపవలెను.

కావున కూలివాని కాలిపై పొక్కులు చూచిన రైతు తన కొట్టములోని ఎద్దును గూడ పరీక్షింపవలెను. మనుష్యునికి కొన్నిదినముల బాధయైనది పశువునకు చిరకాలపు రోగము కావచ్చును.