ముల్లు పోలేదు, నిద్ర పట్టింది

మా వీధి ప్రార్థన కూటంలో అందరం చాప మీద కూర్చుంటే ఒకామె మాత్రం గోడ పక్కన నిలబడే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు చాప జరిపి "కూసో అక్కా" అంటారు. "వద్దు చెల్లె, కూసుంటే మళ్ళ లేవరాదు" అంటుంది. ముప్పై ఏళ్ళు చీర పోగులకు ఆసు పోసిన భుజం ఆమెది. పాట పాడేటప్పుడు కుడి చెయ్యి పైకి రాదు, ఎడమ చేత్తో తొడ మీద తాళం వేసుకుంటుంది. అలాంటి మనిషికి మా సంఘాల్లో దొరికే సలహాలకు లెక్కలేదు. వాటిలో సగం అపోహలు. నా నడుము నొప్పికి పదకొండేళ్ళు నిండాయి. కాబట్టి ఆ సలహాలన్నీ నేనూ విన్నాను, కొన్ని నమ్మి దెబ్బ తిన్నాను కూడా.

మా చేనేత ఊరు పోచంపల్లిలో నొప్పిని ఎవరికీ పరిచయం చెయ్యక్కర్లేదు. గుంట మగ్గంలో కాళ్ళు గుంటలో పెట్టి తొక్కుతూ, నడుము ముందుకు వంచి రోజంతా నెయ్యాలి. మగ్గం ఎక్కేలోపు ఆసు పని ఉంటుంది. ఒక చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు పోగు పట్టుకుని చెయ్యి మేకుల చుట్టూ వెళ్ళి రావాలి. ఎక్కువగా ఆడవాళ్ళ పని. ఆలేరు వైపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతి నేను సండే స్కూలు పిల్లలకు చెబుతుంటాను. బైబిలు కథ కాదు గదా అని ఒకరిద్దరు నొచ్చుకున్నారు. ఎందుకు చెబుతానో ముందుకు పోతే తెలుస్తుంది.

అపోహ: విశ్వాసం గట్టిదైతే నొప్పి పోతుంది. పోలేదంటే ఎక్కడో పాపం దాగి ఉంది.

అన్నిటిలోకీ ఎక్కువ గాయం చేసేది ఇదే. బైబిలు తెరిస్తే ఇది ఒక్క పూట కూడా నిలబడదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నట్టు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఉంది. ముల్లు అక్కడే ఉంది, ఓర్చుకునే బలం వచ్చింది. ఆ ముల్లు కంటి జబ్బా, మూర్ఛా, మలేరియానా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. పౌలు పేరు పెట్టకపోవడమే మేలయింది. కీళ్ళవాతం మనిషీ, మైగ్రేన్ మనిషీ అందులో తన ముల్లే చూసుకుంటారు. ఇదే పౌలు తన తోటివాడు త్రోఫిమును మిలేతులో జబ్బుగానే వదిలి వచ్చానని రాశాడు. తిమోతి కడుపు జబ్బుకు ఉపవాస కూటం పెట్టమనలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు.

ఇక పాపం సంగతి. పుట్టుగుడ్డి మనిషిని చూపించి, ఇది వీడి పాపమా, వీడిని కన్నవాళ్ళ పాపమా అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడింది. కథ చివర దేవుడు మండిపడింది ఆ ఓదార్చేవాళ్ళ మీద. మన సంఘాల్లో ఈ పుస్తకం మొదటి రెండు అధ్యాయాలూ చివరి అధ్యాయమూ మాత్రమే చదువుతారని నా అనుమానం.

నొప్పి మొదలైన మూడో ఏడు నేనొక స్వస్థత కూటానికి పోయాను. వేదిక మీదికి పిలిచి, తల మీద చెయ్యి పెట్టి, నడుము పట్టీ విప్పి విసిరెయ్యమన్నారు. విసిరేశాను. ఆ పాటల్లో, ఆ మైకుల హోరులో నిజంగానే నొప్పి తెలియలేదు. సాక్ష్యం కూడా చెప్పాను. తెల్లారి మంచం దిగలేకపోయాను. నొప్పికన్నా సిగ్గు ఎక్కువ బాధపెట్టింది. నిన్న వందలమంది ముందు అబద్ధం చెప్పానా? ఆరు వారాలు చర్చి గడప తొక్కలేదు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, నేను అబద్ధమాడలేదని. ఉద్వేగం పొంగినప్పుడు మెదడు నొప్పి సంకేతాలను కాసేపు అణిచిపెడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని ఆంజియో దగ్గర పెద్ద గాయాలతో వచ్చిన సైనికుల్లో చాలామంది మార్ఫిన్ అడగలేదని హెన్రీ బీచర్ అనే డాక్టరు గమనించి రాశాడు. వేదిక మీద నాకు జరిగిందీ ఆ తరహాదే. అది స్వస్థతా కాదు, మోసమూ కాదు. కాకపోతే దాన్ని చూసి పట్టీ పారేయించడం మాత్రం తప్పు.

హైదరాబాదు హెబ్రోను సహవాసం పేరు వినని తెలుగు విశ్వాసి అరుదు. దాన్ని స్థాపించిన భక్త సింగ్ ప్రార్థనకు పెట్టింది పేరు. 1903లో పంజాబులో పుట్టిన ఆయన చివరి ఏళ్ళు పార్కిన్సన్స్ జబ్బుతో మంచం మీదే గడిపి 2000 సెప్టెంబరులో కన్నుమూశారు. ఆయనకు విశ్వాసం చాల్లేదని అనగలవాళ్ళు ఉంటే వచ్చి గోడ పక్కన నిలబడే మా అక్కతో కూడా అనవచ్చు.

ప్రార్థన చేసేవాళ్ళ సంఖ్య పెరిగితే ఫలితం పెరుగుతుందనే లెక్క కూడా ఉంది. అమెరికాలో గుండెకు బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద చేసిన పరిశీలన 2006లో అచ్చయింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళు చేసిన ప్రార్థనల వల్ల చిక్కులు తగ్గలేదు. తమ కోసం ప్రార్థిస్తున్నారని తెలిసినవాళ్ళలో కొంచెం ఎక్కువే కనిపించాయి. ఇది చదివి నా ప్రార్థన ఆగలేదు. పూటకు ఇన్ని అని మింగే గోలీగా దాన్ని చూడడం మాత్రం ఆగింది.

అపోహ: మందు వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టే.

మన జిల్లాలకు సువార్త వచ్చిన దారి చూస్తే ఈ మాటకు నవ్వొస్తుంది. ఆ సువార్త ఆసుపత్రి చెయ్యి పట్టుకునే వచ్చింది. జడ్చర్లలో మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్ళ ఆసుపత్రి, డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో మొదలుపెట్టిన కుష్ఠు చికిత్సాలయం, కోస్తాలో 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి. హిజ్కియా రాజు పుండుకు యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. సువార్త రాసిన లూకా వైద్యుడు. సిలువ దగ్గర బోళం కలిపిన ద్రాక్షారసాన్ని యేసు వద్దన్నాడు గదా అని కొందరు లాజిక్ తీస్తారు. అది ఆయన ఒక్క రోజు తీసుకున్న నిర్ణయం. నడుము నొప్పితో నలభై ఏళ్ళు బతకాల్సిన మనిషికి ఇచ్చిన ఆజ్ఞ కాదు.

మా ఊరికి పేరు తెచ్చిన వినోబా భావే విషయమే చూడండి. 1951 ఏప్రిల్ 18న ఇక్కడ వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు, భూదానం పుట్టింది. ఏడాదిన్నర తర్వాత అప్పటి బీహారులోని చాండిల్‌లో వినోబాకు ప్రాణం మీదికి వచ్చే మలేరియా పట్టుకుంది. దేవుడి మీద భారం వేసి మందు వద్దన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు బతిమాలితే చివరికి వేసుకున్నారు. తర్వాత భూదానం కోసం ఏళ్ళ తరబడి నడిచారు. క్రీస్తు బోధల సారాన్ని ఏరి ఒక పుస్తకం కూర్చిన మనిషి కూడా ఆయనే.

అయితే మందు అంటే ఏ మందైనా అని కాదు. నొప్పి పుట్టగానే ఆర్ఎంపీ దగ్గరికి పోయి "నొప్పి సూది" వేయించుకోవడం మనకు అలవాటు. డైక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. పేరు చెప్పకుండా ఇచ్చే సూదుల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. రెండు రోజులు నొప్పి మాయమై, కొన్నాళ్ళకు మొహం ఉబ్బితే అదే గుర్తు. క్యాన్సర్ నొప్పి సంగతి వేరు. అక్కడ డాక్టరు చూపు కింద ఇచ్చే మార్ఫిన్ గురించి అలవాటుపడతామని భయపడి రోగిని అల్లాడనివ్వడం పాపమంటే పాపమే. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ గాఢమైన క్రైస్తవురాలు. నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా గడియారం చూసి మందివ్వాలన్నది ఆమె పట్టుదల. శరీరం, మనసు, ఇల్లూవాకిలీ, ఆత్మ నాలుగూ కలిసి నొప్పిపడతాయని చెప్పిందీ ఆమే. హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ తరహా ఉపశమన చికిత్స ఉంది. జిల్లాల్లోనూ ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు వచ్చాయి.

అపోహ: నొప్పి దేవుడిచ్చిన వరం, మన సిలువ. నోరు మూసుకుని మొయ్యాలి.

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ప్రమాదం. ఈ మాట చెప్పే బోధకులు తరచూ డాక్టర్ పాల్ బ్రాండ్‌ను ఉదహరిస్తారు. 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీలకు పుట్టి, వెల్లూరులో కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసిన వైద్యుడు. వేళ్ళు అరిగి ఊడిపోవడానికి కారణం మాంసం కుళ్ళడం కాదనీ, నొప్పి తెలియక కాలినా కోసుకున్నా పట్టించుకోకపోవడమేననీ ఆయన చూపించాడు. నొప్పి లేకపోవడం ఎంత ఘోరమో ఆయన పుస్తకం చదివితే తెలుస్తుంది. కానీ ఆయన మెచ్చుకున్నది కాపలా కాసే నొప్పిని. మూడు నెలలు దాటి పాతుకుపోయే నొప్పి తరచుగా వేరే రకం. గాయం మానినా నరాలూ వెన్నుపామూ మెదడూ మరీ సున్నితమైపోయి, దొంగ పోయాక కూడా కుక్క రాత్రంతా మొరుగుతూనే ఉన్నట్టు ఉంటుంది. స్కానులో ఏమీ కనపడకపోవడం అందుకే. స్కాను బాగుందంటే నొప్పి బూటకమని అర్థం చేసుకోకూడదు.

సువార్తల్లో సిలువ అంటే మనిషి తెలిసి, ఇష్టపడి ఎత్తుకునేది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చౌటుప్పల్ పల్లెల్లో ఎముకలు బిగుసుకుపోయి, వెన్ను వంగిపోయినవాళ్ళు ఏ సిలువనూ ఎత్తుకోలేదు. బోరు నీళ్ళు తాగారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల పరిమితిని బాగా దాటిన ఫ్లోరైడును ఏళ్ళ తరబడి తాగితే ఎముక గట్టిపడి కీళ్ళు పట్టేస్తాయి, వెనక్కి తిప్పే మందు లేదు. దాన్ని ఆపేది మంచినీళ్ళు. మల్లేశం కథ పిల్లలకు చెప్పేది ఇందుకే. అమ్మ భుజం నొస్తుంటే దానిలో దేవుడి ఉద్దేశం ఏమిటని ఆ కొడుకు కూర్చుని ఆలోచించి ఉంటే యంత్రం వచ్చేదా?

అపోహ: సమాధానం దొరికిన విశ్వాసి ఏడవడు, సణగడు.

మన తెలుగు బైబిల్లో చాలా చోట్ల శాంతికి వాడిన మాట "సమాధానం". బయట ఆ మాటకు జవాబు అని అర్థం. చిన్నప్పుడు సండే స్కూల్లో సమాధానకర్త అంటే లెక్కలకు జవాబులు చెప్పేవాడనుకునేదాన్ని. పెద్దయ్యాక నొప్పితో అదే పొరపాటు ఇంకో రకంగా చేశాను. నాకే ఎందుకు అన్నదానికి జవాబొస్తే సమాధానం వస్తుందని కూర్చున్నాను. యోబుకు అన్ని అధ్యాయాలు గడిచినా ఆ జవాబు రాలేదు. కీర్తనల గ్రంథంలో మూడో వంతు దాకా విలాపాలే. 88వ కీర్తనైతే ఆశ వైపు తిరగకుండా చీకట్లోనే ఆగిపోతుంది. దాన్ని తీసెయ్యకుండా ఉంచినవాళ్ళకు దండం పెట్టాలి. గెత్సేమనేలో యేసు కూడా ఈ గిన్నె తప్పించమని బతిమాలాడు.

మరి విశ్వాసం నొప్పి మీద పని చెయ్యదా? చేస్తుంది, కొంత. 2008లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పన్నెండు మంది కాథలిక్కులకూ, పన్నెండు మంది నమ్మకం లేనివాళ్ళకూ చేతి మీద చిన్న కరెంటు షాకులిస్తూ ఒకసారి మరియమ్మ చిత్రం, ఒకసారి లియొనార్డో గీసిన ఒక స్త్రీ చిత్రం చూపించారు. మరియమ్మను చూస్తున్నప్పుడు కాథలిక్కులకు నొప్పి తక్కువ అనిపించింది. మెదడులో నొప్పి అర్థాన్ని మార్చి చూసే భాగం చురుకైంది. వాళ్ళు ఆరోగ్యవంతులు, షాకులు కొద్దిసేపే, కాబట్టి దీన్ని మరీ లాగకూడదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. కెనెత్ పార్గమెంట్ లాంటి మనస్తత్వవేత్తల పనిలో పదేపదే కనిపించేదేమంటే, దేవుడు తనను శిక్షిస్తున్నాడనీ వదిలేశాడనీ నమ్మే రోగికి దిగులు పెరుగుతుంది. అంటే "నీ పాపమే" అన్న ఓదార్పు ఒట్టి చేదు మాటగా పోదు, మనిషిని కుంగదీస్తుంది.

గోడ పక్కన నిలబడే అక్కను ఒకసారి అడిగాను, అక్కా, నీకు సమాధానం ఎట్లొచ్చిందని. "ముల్లు పోలే. గని నిద్ర పడ్తున్నది" అంది. అంతకుముందు రాత్రంతా నొప్పితో పాటు లెక్కలు కూడా వేసుకునేదట, ఏ పాపానికి, ఎవరి శాపానికి అని. ఆ లెక్క మానేసింది. నొప్పి ఒక్కటే మిగిలింది. ఒక్కటైతే పక్కలో పెట్టుకుని పడుకోవచ్చంది.

డాక్టరు ఆమెకు ఒక వ్యాయామం చెప్పాడు: గోడకు ఎదురుగా నిలబడి కుడి చేతి వేళ్ళను మెల్లగా పైకి పాకించాలి. ఇంట్లో తీరిక ఉండదు కాబట్టి కూటంలోనే చేస్తుంది. అయ్యగారి ప్రార్థన పొడుగ్గా సాగుతుంటే ఆమె వేళ్ళు సున్నపు గోడ మీద పురుగులా ఎక్కుతుంటాయి. ఎక్కడిదాకా అందితే అక్కడ బొగ్గుతో గీత గీస్తుంది. పోయిన వారం గీత పాతదానికన్నా రెండు వేళ్ళు కిందికి పడింది. "చలి ఎక్కువున్నది గదా" అని, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆమేన్‌కు అందుకుంది.