పసుపు గూటిలో దాగిన తెలుపు

కర్ణాటకలోని శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టులో రెండు రకాల రాశులు కనబడతాయి. కొన్ని పసుపుకు కాస్త పచ్చదనం కలిసిన సీబీ గూళ్ళు, కొన్ని తెల్లని బైవోల్టిన్ గూళ్ళు. కైవార, చింతామణి చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో ఈ రంగును కూడా చూసి ధర అంచనా వేస్తారు. తల్లిదండ్రుల పోలికలు పిల్లల్లోకి ఎలా దిగుతాయో తెలుసుకోవడానికి కూడా ఇంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు.

సీబీ అంటే సంకర జాతి. దాని తల్లి ప్యూర్ మైసూరు. ఎండనూ తెగుళ్ళనూ తట్టుకుని ఏడాది పొడవునా పంట ఇస్తుంది గాని, గూటిలో దారం తక్కువ. తండ్రి తెల్లగూడు కట్టే బైవోల్టిన్ జాతి. దానికి దారం పొడుగు, ఒళ్ళు సున్నితం. ఈ రెంటికీ పుట్టిన పురుగులు చాకీ అనే లేత దశ దాటి, కుబుసం విడిచే నాలుగు జ్వరాలూ లేచి, చంద్రికలనే తడికెల మీదికెక్కి గూడు కడితే అన్నీ పసుపు గూళ్ళే. తండ్రి తెలుపు ఒక్కదానిలోనూ పైకి రాదు.

మరి ఆ తెలుపు ఏమైంది? ఈ ప్రశ్నకు పట్టుపురుగుల్లోనే జవాబు వెతికినవాడు జపాన్ శాస్త్రవేత్త తోయామా కామెతారో. మెండెల్ బఠాణీ మొక్కల మీద చేసిన పని 1866లో అచ్చయి, మరుగునపడి, 1900లో మళ్ళీ వెలుగు చూసింది. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే తోయామా సయాంలో, అంటే నేటి థాయిలాండ్‌లో, పట్టు పరిశ్రమకు సలహాదారుగా ఉంటూ పసుపు, తెలుపు గూళ్ళ జాతులను కలిపి చూశాడు. మొదటి తరం అంతా పసుపు. ఆ తరాన్ని తమలో తాము కలిపితే రెండో తరంలో మూడు పసుపు గూళ్ళకు ఒక తెల్లగూడు చొప్పున వచ్చాయి. 1906లో ఆయన ఈ ఫలితాలను ప్రకటించాడు. మెండెల్ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని చూపిన తొలి పరిశోధనల్లో ఇదొకటి.

పసుపు రంగును పురుగు తయారుచేయదు. అది మల్బరీ ఆకులోని కెరోటినాయిడ్లది. తిన్న ఆకు నుంచి ఆ రంగు పేగు గోడ దాటి రక్తంలోకి, అక్కడినుంచి పట్టుగ్రంథిలోకి చేరాలి. దాన్ని పట్టుకుని మోసే ప్రొటీనును తయారుచేయించేది వై అనే జన్యువు. పట్టుగ్రంథిలోకి తీసుకునే పని సి అనే మరో జన్యువుది. తెల్లజాతి పురుగుల్లో వై జన్యువులో ఒక ముఖ్యమైన ముక్క ఊడిపోయి ఉంటుందని జపాన్ పరిశోధకులు 2007లో చూపారు. అంటే ఆ ప్రొటీను ఉండదు, రంగు రక్తంలోకే ఎక్కదు. ప్రతి పురుగుకూ ఒక్కో జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. సీబీ పురుగులో వై ప్రతి ఒకటి చెడిపోయినదే. కానీ బాగున్న రెండోది గూడు పసుపెక్కడానికి సరిపడా ప్రొటీను తయారుచేయిస్తుంది. పసుపు బహిర్గతం కావడం, తెలుపు అంతర్గతంగా ఉండిపోవడం వెనక ఉన్నది ఇంతే. ఇందులో బలాబలాల పోటీ లేదు. చెడిన ప్రతి మాసిపోదు, పలచబడదు, చెక్కుచెదరకుండా తర్వాతి తరానికి పోతుంది.

బహిర్గతమైనదే మేలైనదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మార్కెట్టులో మంచి ధర పలికేది ఎక్కువగా అంతర్గతమైన తెలుపుకే. పైగా తెలుపు అన్నిచోట్లా అంతర్గతం కాదు. కొన్ని జాతుల్లో, ముఖ్యంగా కొన్ని యూరప్ జాతుల్లో, రంగు పేగు దాటకుండా అడ్డుకునే వేరే జన్యువు ఒకటుంది. దాని ఒక్క ప్రతి ఉన్నా చాలు, గూడు తెల్లగానే వస్తుంది. కంటికి తెలుపు ఒకటే, లోపలి కారణాలు వేరు.

రైతు తన పంటలోని మంచి గూళ్ళనే విత్తనానికి ఎందుకు ఉంచుకోడు, ప్రతి పంటకూ గుడ్లు ఎందుకు కొనాలి? వై జన్యువును మాత్రమే లెక్కలోకి తీసుకున్నా, సీబీ చిలకల గుడ్ల నుంచి వచ్చే పంటలో నాలుగో వంతు తెల్లగూళ్ళు కలిసిపోతాయి. రంగును ఏరి వేరుచేయొచ్చు. దారం పొడవు, గూటి బరువు, తెగుళ్ళను తట్టుకునే శక్తి అలా కాదు. వాటి వెనక ఎన్నో జన్యువులున్నాయి, అవన్నీ ఒకేసారి చెల్లాచెదురవుతాయి. అందుకే గుడ్లు తయారుచేసే గ్రేనేజీల్లో ప్యూర్ మైసూరునూ బైవోల్టిన్‌నూ విడివిడిగా కాపాడి, ప్రతిసారీ కొత్తగా కలుపుతారు. ఆ జతలో తల్లి ప్యూర్ మైసూరే కావడానికీ కారణముంది. గుడ్డు వెంటనే పగలాలా, నెలల తరబడి నిద్రపోవాలా అన్నది తల్లి స్వభావాన్ని బట్టి ఉంటుంది. తండ్రి పోలిక అక్కడ పనిచేయదు. తల్లి ప్యూర్ మైసూరైతే గుడ్లు నిద్రపోకుండా వెంటనే పగులుతాయి.

ఈ లెక్క మన ఇళ్ళలోనూ నడుస్తుంది. 1980లలో కర్ణాటకలో శిశువులకు పరీక్షలు చేస్తూ లక్షకు పైగా దంపతుల వివరాలు సేకరిస్తే, దాదాపు మూడో వంతు పెళ్ళిళ్ళు రక్తసంబంధీకుల మధ్యవే. ఒంటికి రంగు లేకుండా పుట్టడం, పుట్టుచెవుడులో కొన్ని రకాలు అంతర్గత జన్యువుల వల్ల వస్తాయి. ఒక తాతకు అలాంటి ప్రతి ఒకటి ఉందనుకుందాం. ఆయనకు ఒంటి రంగులో, వినికిడిలో ఏ లోపమూ కనబడదు. ఆయన కొడుకు బిడ్డ, కూతురు బిడ్డ పెళ్ళాడితే, పుట్టబోయే బిడ్డకు ఆ ప్రతి ఇద్దరి నుంచీ చేరే అవకాశం 64లో 1. మేనమామ మేనకోడల్ని చేసుకుంటే 32లో 1. అదే మనవడు బయటి సంబంధం చేసుకుని, బయట ఆ ప్రతి నూరుమందిలో ఒకరికి ఉంటే, 1600లో 1.

దంపతులిద్దరిలోనూ ఆ ప్రతి ఉందని తేలితే ప్రతి కాన్పులోనూ అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదని ధైర్యం చెప్పేవాళ్ళున్నారు. అది పొరపాటు. రెండో కాన్పుకు మొదటిది తెలియదు, మళ్ళీ నాలుగింట ఒకటే.