మీకు తెలుసా? వీధిలోకి వంగి వెలుగు పట్టే కిటికీలు

జర్మనీలోని నూరెంబర్గ్ పాత వీధుల్లో తలెత్తి చూస్తే, పై అంతస్తుల గోడల్లోంచి బుల్లి గదుల్లా ముందుకు పొడుచుకొచ్చిన కిటికీలు కనిపిస్తాయి. అక్కడివాళ్లు వీటిని ‘కోర్లైన్’ అంటారు. సెయింట్ సెబాల్డ్ చర్చి మతగురువు నివాసానిది వీటిలో ప్రసిద్ధం. 14వ శతాబ్దంలో రాతితో చెక్కిన ఆ నిర్మాణం ఇంటి ప్రార్థనామందిరంలో భాగం. అసలుది ఇప్పుడు అదే ఊళ్లోని జర్మనిక్ నేషనల్ మ్యూజియంలో ఉంది, ఇంటికి నకలు అమర్చారు. తర్వాతి కాలపు వర్తకులు నివాసగదులకూ కలపతో ఇలాంటి కిటికీలు కట్టించుకున్నారు.

డిసెంబరు చివర్లో ఆ ఊళ్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 17 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఇరుకు వీధిలో మామూలు కిటికీకి ఎదుటి ఇల్లే అడ్డం. పొడుచుకొచ్చిన కిటికీకైతే ఇరుపక్కల నుంచీ వెలుతురు అందుతుంది, కింద జాగా అక్కర్లేదు. లోపల కూర్చుంటే వీధి రెండు కొసలూ కనిపిస్తాయి, నాకు మరీ నచ్చింది అదే.