మడిలో నాచు – పురుగుమందు

ఊడ్చిన రెండు మూడు వారాలకు మడినీళ్ల మీద తేలే పచ్చని జిగురు తెట్టెను మా ఊళ్లో నాచు అంటారు. మా నాన్నకది గిట్టదు; పైరు బలం లాగేస్తుందంటాడు. నిజానికి అందులో కొన్ని జాతులు పైరుకు బలం పెట్టేవే. నాస్టాక్, అనబీనా, ఆలోసైరా వంటి ఈ నీలి ఆకుపచ్చ శైవలాలను ఇప్పుడు సయనోబాక్టీరియా అంటున్నాం. వరిపొలాలకు నత్రజని సమకూర్చడంలో వీటి పాత్రను 1939లోనే పి.కె. డే చూపించాడు. అన్నీ అనుకూలిస్తే పంటకు హెక్టారుకు 25, 30 కిలోల నత్రజని ఇస్తాయని లెక్క. అంటే ఎకరానికి అరబస్తా యూరియా పైమాటే!

గాలిలోని నత్రజనిని పట్టేది హెటిరోసిస్ట్ అనే మందపాటి గోడల కణం. అందులోని నైట్రోజినేజ్ ఎంజైము ప్రాణవాయువు తగిలితే చెడిపోతుంది. ఆ గోడే దానికి కాపు. పురుగుమందు మోతాదు మించితే కిరణజన్య సంయోగక్రియ కుంటుపడి, శక్తి చాలక ఈ పనీ సన్నగిల్లుతుంది.

మరి మించడమంటే ఎంత? మొవ్వు పురుగుకు ఎకరాకు 10 కిలోల కార్బోఫ్యూరాన్ 3 శాతం గుళికలు వేశామనుకోండి. అసలు మందు 300 గ్రాములు. రెండంగుళాల నీరుంటే ఎకరాలో సుమారు 2 లక్షల లీటర్లు. అంతా కరిగినా లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములే. గాజుకుప్పెల్లో శైవలాన్ని దెబ్బతీసిన మోతాదులు చాలావరకు దీనికి ఎన్నో రెట్లు. కనుక మందు పడితే నాచు పోయినట్టేననడం తొందరపాటు.

ఇంకో విచిత్రం. 1967లో రఘు, మాక్‌రే అనే శాస్త్రజ్ఞులు నీట మునిగిన వరినేలలో గామా బి.హెచ్.సి. వేసి చూస్తే శైవలాలు పెరిగాయి! వాటిని మేసే చిన్న నీటిపురుగులు చావడమే కారణమని భావించారు. అలాగని సంబరపడక్కర్లేదు. మందుకు దోమను తినే సాలీళ్లూ చస్తాయి, మడిలో చేపపిల్లలూ చస్తాయి. బి.హెచ్.సి.ని మన దేశంలో 1997లో నిషేధించారు కూడా.

నా అనుమానం మందుకన్నా యూరియా మీదే ఎక్కువ. నీళ్లలో అమ్మోనియా దండిగా దొరికితే ఈ జీవులు హెటిరోసిస్టులు కట్టడమే మానేస్తాయి. వండిపెట్టిన కూడుండగా పొయ్యి ఎవరు రాజేస్తారు?

ఇదంతా విని మా నాన్న ఈ సార్వాకి గట్టుపక్క ఒక్క మడిలో యూరియా తగ్గించడానికి ఒప్పుకున్నాడు. గింజ తగ్గితే నా హాస్టలు ఖర్చులో కోస్తాట్ట.